రాని పిల్లవాడి వరుస

కోత్కా రేవులో క్రేన్లు మంచు కప్పుకుని నిలబడ్డ నవంబరు.
ఐదో తరగతి, ఇరవై రెండు కుర్చీలు.
కాగితం మీద ఒక్కటే ప్రశ్న:
విరామంలో ఎవరితో ఉంటావు?
కింద మూడు గీతలు.
మూడూ నింపక్కర్లేదని రెండుసార్లు చెప్పాను,
అలా చెప్పమని శిక్షణలో నేర్పారు.
అయినా మూడో గీతను ఖాళీగా వదిలే ధైర్యం
పదకొండేళ్ళకి ఎవరికుంటుంది?
అరచేత్తో కాగితం కప్పుకుని
పక్కవాడికి కనబడకుండా
పక్కవాడి పేరే రాస్తారు.

వేన్లా ఒక పేరు రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే రాసింది.
ఓస్కరి పెన్సిల్ బల్లమీదికి కూడా దిగింది.
కెర్తు మూడో గీత మీద
తన పేరే రాసుకుంది.

సాయంత్రానికి పేర్లు పోయి అంకెలొస్తాయి.
ఇరవై రెండు అడ్డం, ఇరవై రెండు నిలువు.
ఎంచుకుంటే ఒకటి, లేకుంటే సున్నా.
మూల నుంచి మూలకి దిగే గడులు మాత్రం
ముందే మూసేసి ఉంటాయి.
ఎవరికి వాళ్ళు జట్టు ఉండటం లెక్క ఒప్పుకోదు.
కెర్తు మూడో స్నేహితురాల్ని
నేను నమోదు చెయ్యలేదు.

పదిహేడో నంబరు, తూక్కా, ఆ రోజు రాలేదు.
కడుపునొప్పి అని వాళ్ళమ్మ ఫోన్ చేసింది.
పేర్లు రాయాలని చెప్పిన సోమవారం నుంచే
నొప్పి మొదలైందని టీచరు రైలి
కిటికీ వైపు చూస్తూ అంది.

రాని పిల్లవాడికి సున్నాలు వెయ్యకూడదు.
మా పనిలో ఇది మొదటి పాఠం.
సున్నా అంటే, అడిగాం, లేదన్నాడు.
ఖాళీ అంటే, మనకి తెలీదు.
దూరం నుంచి రెండూ ఒకటే,
ఆటస్థలంలో గోడకి ఆనుకున్న కుర్రాడిలాగే:
ఎవరూ పిలవలేదో,
ఎవరికోసమైనా ఆగాడో.

అడ్డంగా వాడి వరుస ఖాళీ.
నిలువునా చూస్తే నాలుగు ఒకట్లు.
ఐదు, తొమ్మిది, పన్నెండు,
ఇంకా ఆ బల్ల గీరిన ఓస్కరి.
కంప్యూటరు చుక్కలు పెట్టి బాణాలు గీసింది.
నాలుగు బాణాలు వాడి దాకా వచ్చి ఆగాయి,
తలుపు కొట్టి, తియ్యకపోతే
మెట్ల మీదే కూర్చున్న పిల్లల్లా.

ఎవరు ఎవర్ని రాశారో
ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను.
మంచి నియమం.
ఒక్క బాణం కూడా రాని పిల్ల ఉంది ఆ బొమ్మలో,
తన నంబరు నాకు నోటికొచ్చు.
ఒకరికి విప్పి ఇంకొకరికి దాస్తే
ఆ దాచడమే చెప్పేస్తుంది.

రెండు రోజుల తర్వాత బస్టాపులో తూక్కా,
చేతి తొడుగు పళ్ళతో లాక్కుంటూ.
పేర్లడిగే ఆవిడ నువ్వేగా?
అవును.
నేను రాలేదు.
తెలుసు.
అయితే నాకు సున్నాలేనా?
ఆ క్షణం నా నోట్లో నాలుగు పేర్లు,
వేడి టీలా, మింగలేక, ఉమ్మలేక.
లేదు, నీ గడులు అలాగే ఉంచాను, అన్నాను.
వాడు ఆలోచించాడు.
అది మంచిదా?
చెడ్డది కాదు.
బస్సొచ్చింది. డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు.

ఏప్రిల్లో రెండో విడత.
మంచు కరిగి ఆటస్థలమంతా బురద,
గదిలో తడి బూట్ల వాసన.
ఐదు, తొమ్మిది వేరే వైపు తిరిగాయి,
పన్నెండు ఊరు మారింది.
వేన్లా ఈసారి ఏమీ కొట్టెయ్యలేదు.
తూక్కా వచ్చాడు, కిటికీ పక్కన కూర్చున్నాడు.
ఒక్క పేరు రాసి
రెండు గీతలు వదిలేశాడు,
వదిలెయ్యొచ్చన్న నా మాట
నిజంగా నమ్మినవాడు వాడొక్కడే.

ఎవరి పేరని అడక్కండి.
ఇక్కడ చెప్పిన పేర్లన్నీ మార్చాను, ఊరు కూడా.
కడుపునొప్పి మాత్రం మార్చలేదు.